ఆరు నుంచి ఏడు దాకా జస్టిన్ ప్రార్థనలో ఉన్నాడు

ముందే చెప్తున్నాను, ఆ అబద్ధం నాది కాదు. మా అమ్మది. నేను దానికి వేళకు అన్నం పెట్టి పెంచానంతే.

నా పేరు జస్టిన్. ఇరవై తొమ్మిదేళ్లు. సారపాకలో కాగితం మిల్లు క్వాలిటీ ల్యాబ్‌లో ఉద్యోగం. కాగితం మందం, తడి, తెల్లదనం కొలవడం నా పని. కాలేజీలో ఉన్నప్పుడు వీడియో గేములు ఆడ్డానికి బోలెడు టైముండేది, ఆడే మెషీనే లేదు. ఉద్యోగమొచ్చి కన్సోల్ కొనుక్కున్నాక టైము మాయమైంది. ఐదున్నరకు ఇంటికొస్తే గ్యాస్ సిలిండర్, నీళ్ల మోటారు రిపేరు, చెప్పకుండా దిగే చుట్టాలు, గురువారం చర్చిలో ప్రార్థన కూటం, శనివారం క్వయర్ ప్రాక్టీసు. ఒకరోజు చూద్దును కదా, అమ్మ నా కన్సోల్ మీద లేసు గుడ్డ కప్పి, దాని మీద ప్లాస్టిక్ పూలు పెట్టింది.

ఆ పూలు చూసి నాకు ఒళ్లు మండింది. వాటిని తీసి కిటికీలో పెట్టి, రోజూ ఆరు నుంచి ఏడు దాకా నా తలుపు ఎవరూ కొట్టొద్దని ప్రకటించాను.

మా అమ్మ సవరమ్మకు అది తలవంపులు. "పెండ్లైతే ఇద్దరు పిల్లల తండ్రివి అయ్యేటోనివి. గీ బొమ్మలాట ఏందిరా? ఎవలన్న ఇంటే ఏమనుకుంటరు?"

వినేవాళ్లు రానే వచ్చారు. ఒక సాయంత్రం మా పాస్టరు షాలేమ్‌రాజు అయ్యగారు ఇంటికొచ్చారు. లోపల నేను మంచి ఊపు మీదున్నాను. ఆ గేములో ఒక పాడుబడ్డ బొగ్గుబాయి ఉంటుంది. గుహ తర్వాత గుహ దాటుకుంటూ లోపల చిక్కుకున్న మనుషుల్ని బయటికి తేవాలి. సరిగ్గా ఆ టైముకి ఒక పెద్ద గబ్బిలం నా మీద పడింది.

"పో! బయటికి పో! నిన్ను ఇడిచిపెట్ట!" అని నేను గొంతు చించుకుంటున్నాను.

"ఏంది సవరమ్మా, పిల్లగాడు?" అన్నారట అయ్యగారు.

అమ్మ నోటికి ఏదొస్తే అదన్నది. "ప్రార్థనల ఉన్నడు అయ్యగారూ."

ఆయన తలుపు దగ్గర రెండు నిమిషాలు నిలబడి విన్నారట. కళ్లు తుడుచుకున్నారట. ఆదివారం ఆరాధనలో అందరి ముందూ చెప్పేశారు. "మన సంఘంల ఒక పిల్లగాడు ఉన్నడు. రోజుకు గంట తలుపేస్కొని, గుండెల భారంతోని మోకరిస్తుండు."

నేను క్వయర్‌లో పాటల పుస్తకం వెనక మొహం దాచుకున్నాను. జనం నా వినయాన్ని కూడా మెచ్చుకున్నారు.

ఆ వారం నుంచి ఆరు తర్వాత మా గుమ్మం తొక్కినవాడు లేడు. చుట్టాలు కూడా ఏడు దాటాకే ఫోన్ చేసేవాళ్లు. రెండు వారాలు హాయిగా ఆడుకున్నాను. మూడో వారం తలుపు కింది నుంచి మొదటి చీటీ వచ్చింది.

"ప్రార్థన మనవి: మా బర్రె పాలిస్తలేదు."

మర్నాడు మూడు. ఆ మర్నాడు ఎనిమిది. పినపాక నుంచి, మణుగూరు నుంచి కూడా మనుషుల చేత పంపడం మొదలుపెట్టారు. మిల్లులో నా పక్క సీటు వీరబాబు కూడా టిఫిన్ డబ్బా మూతలో పెట్టి ఒకటిచ్చాడు. "మా దేవునికి నేను చెప్పుకున్న జస్టిన్. మీ దేవునికి నువ్వు జెర చెప్పు."

నేను గేములాడేవాణ్నే గానీ దుర్మార్గుణ్ని కాదు. ఒక మనిషి పేరు, ఆ మనిషి కష్టం రాసున్న కాగితాన్ని దాటుకొని పోయి ఆట మొదలుపెట్టడం నా వల్ల కాలేదు. చీటీ చదివి, కళ్లు మూసుకొని, ఆ మాట దేవుడికి చెప్పి, అప్పుడు కన్సోల్ ఆన్ చేసేవాణ్ని. జవాబు వచ్చేదాకా చీటీ తీసెయ్యకూడదని మా అమ్మ చిన్నప్పుడు నేర్పిన పద్ధతి. అందుకని పాతవి పోవు, కొత్తవి ఆగవు. అన్నీ కన్సోల్ వచ్చిన అట్టపెట్టెలో పెట్టుకున్నాను. వానాకాలం వచ్చేసరికి గంటలో నలభై నిమిషాలు చీటీలకే పోతున్నాయి. ఆటకు మిగిలింది ఇరవై. ఆ ఇరవై నిమిషాల్లో పరుగు పరుగున ఏడో గుహ దాకా పోతాను, పైకప్పు కూలుతుంది, "మళ్లా కూలిందిరా పైకప్పు!" అని అరుస్తాను, ఆట మొదటికొస్తుంది. మూడు నెలలుగా ఇదే తంతు.

అప్పుడొచ్చింది ఆ చీటీ.

"ప్రార్థన మనవి: రోజూ ఆరు యాభై ఐదుకు మీ గదిలో పైకప్పు కూలుతున్నది. దయచేసి ఆసరాలు పెట్టుకొని లోపలికి పోగలరు. ఇట్లు, గోడ అవతల."

చీటీ వేళ్ల మధ్య పెట్టి చూశాను. కాగితం నా సబ్జెక్టు. మందంగా, నున్నగా ఉంది. వెనక్కి తిప్పితే సగం తెగిన రక్తపరీక్ష రిపోర్టు. మా పక్క పోర్షన్‌లోకి నెల కిందట కిరాయికి దిగిన అమ్మాయి భద్రాచలంలో ఒక దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్.

బయటికి ఉరికాను. వాన మొదలైంది. ఆమె దండెం మీది బట్టలు గబగబా తీస్తోంది. జడ తడిసి మెడకు అంటుకుంది. నన్ను చూసి ఒక దుప్పటి నా చేతుల్లో పడేసింది.

"వందనాలు బ్రదర్. జెర పట్టుకోండి."

"ఈ చీటీ మీరేనా వేసింది?"

"అవ్ బ్రదర్."

"పైకప్పు గీకప్పు ఏం లేదు. నేను లోపల ప్రార్థన..."

"అనుకున్న బ్రదర్. మొన్న మీరు 'అరేయ్, ఎన్కనుంచి వస్తున్నవారా దొంగ మొహమోడా' అన్నరు. అది ఏ కీర్తనల ఉంది?"

ఆమె నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుంటోంది. పట్టుబడ్డ దొంగ ఆ నవ్వును చూస్తూ నిలబడకూడదు. నేను నిలబడ్డాను.

"మా తమ్మునికి కూడా ఉంది ఈ పిచ్చి," అంది. "ఆ చేతి మెషీన్ టకటక నాకు తెల్వదా? ఇగ పైకప్పు సంగతంటరా, మా నాన్న ముప్పై రెండేండ్లు బొగ్గుబాయిల పైకప్పుకు ఆసరాలు పెట్టే పని చేసిండు. ఇంట్ల ఆ ముచ్చటే మాకు కథలు. ఆసరా లేకుండ లోపలికి ఉరికేటోడు మూర్ఖుడు అంటడు ఆయన."

"అంటే నేను..."

"నేను అనలే బ్రదర్. మా నాన్న అన్నడు."

ఆమె పేరు అక్సా.

ఆ తర్వాత రోజుకొక చీటీ వచ్చేది. "ప్రార్థన మనవి: నిన్న పైకప్పు నాలుగు నిమిషాలు ఆలస్యంగా కూలింది. దేవునికి స్తోత్రం." ఇంకోరోజు: "గబ్బిలం విషయమై భారంతో ఉన్నాను." నేను కూడా జవాబు రాసి ఆమె తలుపు కింద తోసేవాణ్ని. మంచి కాగితం మీద రాసేవాణ్ని, మిల్లు శాంపిల్ ముక్కలు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని నేనూ అడగలేదు. అడిగితే ఈ చీటీలు ఆగిపోతాయేమోనని భయం.

ఒక శనివారం క్వయర్‌కు డుమ్మా కొట్టి, అమ్మ మందుల కోసం భద్రాచలం వెళ్లాను. తిరుగు ఆటోలో అక్సా ఉంది. గోదావరి నిండుగా పారుతోంది. నీళ్లు చూడ్డానికి జనమంతా బ్రిడ్జి మీదే ఉన్నారు, ఆటో కదల్లేదు. పైన కుండపోత. పక్కనున్న పరదా ఎగిరి ఆమె మొహం మీద చుక్కలు పడుతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను. పరదా పెద్దది, నా చెయ్యి చిన్నది. అయినా తియ్యలేదు.

"బ్రదర్, మీ చెయ్యి నొస్తది."

"అక్సా, ఒక మాట. నన్ను బ్రదర్ అనకు."

"మరేమనాలె?"

"ఏమన్నా అను. బ్రదర్ తప్ప."

ఆమె నా వైపు చూసింది. ఒక్కసారి చూసి, చూపు మళ్లీ గోదావరి వైపు తిప్పుకుంది. చెవి దాకా ఎర్రబడింది. "చర్చిల అందరినీ గట్లనే అంటం కద, బ్రదర్," అంది మెల్లగా. ఈసారి ఆ 'బ్రదర్'లో బలం లేదు.

గడియారం చూసుకుంటే ఆరున్నర. నా గంటలో సగం బ్రిడ్జి మీదే అయిపోయింది. నాకు గేమ్ గుర్తే రాలేదు. ఇదేదో పెద్ద జబ్బే అనుకున్నాను.

"నువ్వు ఈ ఇల్లే ఎందుకు కిరాయికి తీస్కున్నవ్?" మాట మార్చడానికి అడిగాను.

"మా నాన్న పంపిండు. 'ప్రార్థన చేసే పిల్లగాడున్న ఇల్లు బిడ్డా, నాకు భయముండదు' అన్నడు. ఆయన కూడ మీకు చీటీ పంపిండు, మీకు తెల్వదా? జకర్యా, మణుగూరు."

నా చెయ్యి పరదా మీంచి జారిపోయింది.

జకర్యా, మణుగూరు. ఎందుకు తెలీదు! ఎండాకాలం నుంచి మా అట్టపెట్టెలో ఉంది ఆ చీటీ. రూళ్ల కాగితం, బొగ్గుబాయిలో పనిచేసిన చేతి గట్టి అక్షరాలు. "మా పెద్దబిడ్డకు అబద్ధమాడని మనిషి దొరకాలె. ఆస్తి లేకున్నా సరే." ఆ ముసలాయన కోరిక నాకెంత నచ్చిందంటే, మిగతా చీటీలకంటే దానికి రెండు నిమిషాలు ఎక్కువే ఇచ్చేవాణ్ని. ప్రభువా, ఆ పిల్లకు అబద్ధమాడేవాడు ఎవడొచ్చినా గడప దగ్గరే ఆపు అని గట్టిగా అడిగేవాణ్ని. ప్రతి రోజూ. నా మీదే నేను.

ఇంటికి చేరాక గుమ్మంలో అక్సాకు ఆ చీటీ చూపించాను. చదివింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"వచ్చే శనివారం మా ఇంట్ల కృతజ్ఞత కూటం ఉంది," అంది. "మీ అమ్మను, మిమ్మల్ని పిలుస్తడు. మీతోని ప్రార్థన గురించి సాక్ష్యం చెప్పిస్తడు. తర్వాత సంబంధం మాట్లాడుతడు. నాతోని ముందే చెప్పిండు. నేను... వద్దనలే."

వద్దనలేదు! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. సగం ఎగిరాక చీటీలో ఆయన రాసిన మాట గుర్తొచ్చింది.

"అక్సా, మీ నాన్న అడిగింది అబద్ధమాడనోణ్ని. ఆ లెక్కల నేను లేను."

"అయితే వచ్చి ఆ లెక్కల నిలబడు." మొదటిసారి నువ్వు అంది. "నేను చెప్ప. నా నోటితోని చెప్తే అది చాడీ అయితది. నువ్వు చెప్పు. నిజం చెప్పినంక మా నాన్న కాదంటే, ఆయన్ని ఒప్పించే పని నాది. చెప్పకుంటే మాత్రం నేనే కాదంట."

"చెప్తే నా పరువు, అమ్మ పరువు..."

"ఆసరా లేకుండ లోపలికి పోవద్దని మొదటి రోజే రాసిన."

అమ్మకు చెప్పడం ఇంకా కష్టమైంది. "నన్ను అందరి ముందల అబద్ధాల మనిషిని చేస్తవారా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. శనివారం మాత్రం ఇస్త్రీ చీర కట్టుకొని నాకంటే ముందే బస్టాండుకు బయల్దేరింది. మణుగూరు దాకా అడవిలో బస్సు పోతుంటే కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. అట్టపెట్టె నా ఒళ్లో ఉంది.

జకర్యా గారిల్లు కాలనీ చివర. హాల్లో చాపలు పరిచి పాతికమంది కూర్చున్నారు. షాలేమ్‌రాజు అయ్యగారు కూడా వచ్చారు. జకర్యా గారు పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. నా రెండు చేతులూ పట్టుకున్నారు. "నీ ప్రార్థన గురించి మా అందరికీ చెప్పు బిడ్డా. మా పిల్లలు నేర్చుకుంటరు."

లేచి నిలబడ్డాను. వంటింటి గుమ్మంలో అక్సా కొంగు వేలికి చుట్టుకుంటోంది. మా అమ్మ తల దించుకుంది.

"అందరికీ వందనాలు," అన్నాను. "నేను ఆరు నుంచి ఏడు దాకా తలుపేస్కునేది వీడియో గేమ్ ఆడ్డానికి."

ఎవరో దగ్గారు. నేను ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. కన్సోల్ గురించి, లేసు గుడ్డ గురించి, చీటీల గురించి, ఏడో గుహలో పైకప్పు గురించి మొత్తం చెప్పేశాను.

అయ్యగారు మెల్లగా అడిగారు. "మరి ఆ రోజు నేను ఇన్నది? 'బయటికి పో' అని?"

"గబ్బిలం అయ్యగారూ."

అప్పుడు మా అమ్మ లేచింది. మోకాళ్ల నొప్పితో చాప మీంచి లేవడం ఆమెకు తేలిక కాదు. "ఆ అబద్ధం నాది అయ్యగారూ. వాడు ఎన్నడూ ప్రార్థన చేస్తున్న అని చెప్పలే. సిగ్గుపడి నేనే చెప్పిన. నన్ను అనుండ్రి, పిల్లగాణ్ని అనకుండ్రి."

జకర్యా గారు లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

అయ్యగారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. అక్సా వాళ్లమ్మ వెళ్లి తలుపు మీద చెయ్యి వేసి, కొట్టకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇక సంబంధం సంగతి అయిపోయిందనుకున్నాను. అక్సా నా దగ్గరకొచ్చి, వాళ్ల తమ్ముడి పెన్ను నా చేతిలో పెట్టింది.

"తలుపేస్కున్నోళ్లతోని మాట్లాడేది నీకు తెల్వదా?" అంది.

అట్టపెట్టె తెరిచి జకర్యా గారి చీటీ తీశాను. దాని వెనక రాశాను. "ప్రార్థన మనవి: మీ చీటీ గురించి ఎండాకాలం నుంచి ఒక్కరోజు తప్పకుండ అడిగిన. అబద్ధమాడనోడు రావాలని. ఇయ్యాల ఒకడు వచ్చిండు. జెర లేటుగ వచ్చిండు. మన్నించగలరు."

వంగి తలుపు కింద తోశాను. పాతికమందీ ఊపిరి బిగబట్టి ఆ సందు వైపే చూస్తున్నారు.

తర్వాత లోపల్నుంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుస్తున్నాడేమోనని అక్సా వాళ్లమ్మ కంగారు పడింది. అది నవ్వు. చీటీ తిరిగొచ్చింది. కింద ఆయన రాత చేరింది.

"గబ్బిలం అన్నప్పుడే నవ్వొచ్చింది. కూటంల నవ్వరాదని లోపలికి వచ్చిన. చీటీలు ఎన్ని?"

తలుపు దగ్గరే జవాబు చెప్పాను. "నూట పద్నాలుగు అంకుల్. బర్రె పాలిస్తున్నది, అది తీసేసిన."

తలుపు తెరుచుకుంది. జకర్యా గారు అట్టపెట్టెలోకి తొంగి చూశారు. చీటీలు చేత్తో కదిపారు, కొన్ని పేర్లు చదివారు. వాటి మడతలు రోజూ విప్పి మళ్లీ పెట్టి నలిగిపోయి ఉన్నాయి. ఆయన మొహంలో నవ్వు పోయి ఇంకేదో వచ్చింది.

"ఇవన్నీ రోజూ చదువుతవా?"

"చదువుత. గంటల నలభై నిమిషాలు వీటికే పోతున్నయ్."

"మరి ఆటకు ఇరవై నిమిషాలేనా?" ఆయన మా అమ్మ వైపు తిరిగారు. "సవరమ్మ అక్కా, నువ్వు అబద్ధమాడినవ్. నీ కొడుకు దాన్ని నిజం చేసిండు. ఇగ ఏమనాలె నేను?" తర్వాత నన్ను పైనుంచి కిందికి చూశారు. "అది సరే. ఏడో గుహల ఆసరా ఏడ పెడుతున్నవ్?"

"నడుమల అంకుల్."

"నడుమల!" ఆయనకు అప్పుడొచ్చింది అసలు కోపం. "నడుమ ఒక్కటి పెడితే ఆగుతదా? ఎవడు నేర్పిండు నీకు? రేపు వస్త. నాకు చూపియ్యి."

అక్సా కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. అయ్యగారు ముగింపు ప్రార్థన చేశారు, ఈసారి అక్సా పేరూ నా పేరూ కలిపి చెప్పారు. ఆమేన్ అందరికంటే గట్టిగా అన్నది మా అమ్మ.

మర్నాడు సాయంత్రం ఆరింటికి మా గదిలో మూడు కుర్చీలు వేశాం. అట్టపెట్టె మధ్యలో పెట్టుకొని చీటీలు ముగ్గురం పంచుకున్నాం. ఒకడికి నలభై నిమిషాలు పట్టే పని ముగ్గురికి పావుగంట కూడా పట్టలేదు. ఆరుంబావుకే కన్సోల్ ఆన్ చేశాను. అన్నాళ్లూ టైము కోసం వెతికాను గానీ, మనుషుల్ని పిలుద్దామని నాకు తట్టనేలేదు.

"ఆగు, ఉరకకు," అన్నారు జకర్యా గారు, టీవీకి ముక్కు ఆనించేంత దగ్గరగా జరిగి. "ముందుగాల ఆ పక్క గోడకు పెట్టు. ఇప్పుడు ఈ పక్కకు. దాని మీద అడ్డం. ఆ... గిప్పుడు పో."

ఆరు యాభై ఐదైంది. ఏడో గుహ దాటాను. పైకప్పు అట్లాగే ఉంది.

"జస్టిన్!" అని కేక పెట్టి అక్సా నా భుజం పట్టుకుంది. బ్రదర్ అనలేదు. వాళ్ల నాన్న పక్కనున్నా చెయ్యి తియ్యలేదు. ఆయన ఎనిమిదో గుహ పైకప్పు చూసుకుంటూ మమ్మల్ని చూడనట్టే కూర్చున్నారు.

బయట గేటు చప్పుడైంది. ఎవరో అడుగుతున్నారు. "సవరమ్మక్కా, జస్టిన్ ఉన్నడా? ప్రార్థనల ఉన్నడా?"

లోపల ముగ్గురం చెవులు రిక్కించాం. మా అమ్మ గొంతు, ఏ తడబాటూ లేకుండా, వీధి చివరిదాకా వినిపించేంత గట్టిగా వచ్చింది.

"ప్రార్థన అయిపోయింది. ఇప్పుడు నా కొడుకు, కోడలు ఆట ఆడుకుంటున్నరు. ఏడింటికి రా."